పిల్లల పెరట్లో పొట్టి జపాన్ మేపుల్

(నెల్లూరులో మిద్దెతోటలు పెంచుకునేవాళ్ళ సమావేశంలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

నమస్కారం. ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈసారి జపాన్ మేపుల్ గురించి చెప్పమని మీలో చాలామంది అడిగారు. ఎందుకు అడిగారో నాకు తెలుసు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ వీధిలో చూసినా ఇద్దరు ముగ్గురి పిల్లలైనా అమెరికాలో ఉంటున్నారు. వాళ్ళు ఇల్లు కొనుక్కుంటే ఇంటి ముందు ఎర్రటి సన్నాకులతో ఒక పొట్టి చెట్టు ఉంటుంది. వేసవికి మనం వెళ్తాం. పిల్లలు ఆఫీసులకి, మనవళ్ళు బడికి పోయాక ఇంట్లో మిగిలేది మనమూ ఆ పెరడూ. జీవితమంతా మొక్కలు పెంచిన చేతులు ఊరికే ఉండవు. ఒకాయన పాదు తీస్తారు, ఒకావిడ రోజూ బిందెడు నీళ్ళు పోస్తుంది, ఇంకొకరు కత్తెర తీసుకుని గుండ్రంగా కత్తిరిస్తారు. అన్నీ ప్రేమతో చేసేవే. కానీ మన ఎండల్లో, మన నేలల్లో నేర్చుకున్న పద్ధతులు చాలావరకు ఆ చెట్టుకు చెరుపు చేస్తాయి. ఏది ఎందుకు చెరుపో ఇవాళ వివరంగా చెప్పుకుందాం.

దీని శాస్త్రీయ నామం ఏసర్ పామేటమ్. జపాన్, కొరియా కొండల్లో పెద్ద చెట్ల కింద చెదురు నీడలో పెరుగుతుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ పీటర్ తున్‌బెర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1775లో జపాన్ వెళ్ళి, అక్కడ చూసిన ఈ చెట్టుకు 1784లో ఆ పేరు పెట్టాడు. అప్పటికే జపాన్ తోటమాలులు దీంట్లో ఎన్నో రకాలు ఎంచి పెంచుతున్నారు. ఇవాళ పేరు పెట్టిన రకాలు వెయ్యికి పైనే ఉన్నాయి.

పొట్టి రకాలంటే పదేళ్ళు పెరిగినా మనిషి ఎత్తు దాటనివి. కొన్ని విత్తనాల నుంచి అనుకోకుండా వచ్చాయి. మరికొన్ని పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. పెద్ద చెట్టు మీద ఎక్కడో ఒక చోట కణుపులు దగ్గరపడి, సన్న పుల్లలు గుబురుగా ముద్దకట్టి పెరుగుతాయి. చూసేవాళ్ళు తెగులనుకుంటారు. ఆ గుబురులోంచి ఒక పుల్ల కోసి అంటుకడితే, వచ్చే చెట్టంతా అలాగే పొట్టిగా, దట్టంగా పెరుగుతుంది. శైనా అనే ఎర్రాకు రకం ఇలా బ్లడ్‌గుడ్ అనే పెద్ద రకం మీద నుంచి వచ్చిందే. మికావా యత్సుబుసా అని ఇంకొకటి ఉంది. దాని మొగ్గలు ఎంత దగ్గరగా ఉంటాయంటే ఆకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కనిపిస్తాయి. కమగాటా, షార్ప్స్ పిగ్మీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కూనారా పిగ్మీ కూడా కుండీకి, చిన్న పెరటికి పనికొచ్చేవే.

ఇక్కడ ఒక జాగ్రత్త. దారాలుగా చీలిన ఆకులతో కొమ్మలు కిందికి వాలే రకాలు ఉన్నాయి. క్రిమ్సన్ క్వీన్, తముకేయామా, ఇనబా షిదారే లాంటివి. ఇవి ఎత్తు పెద్దగా పెరగవు కాబట్టి నర్సరీలో వీటినీ పొట్టి చెట్లంటారు. కాలం గడిచేకొద్దీ పక్కలకి పదేసి అడుగులు పాకుతాయి. నర్సరీ చీటీ మీద రాసే ఎత్తు సాధారణంగా పదేళ్ళకు వచ్చే ఎత్తే. ఆ తర్వాత చెట్టు ఆగిపోదు, నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. నడకదారి పక్కన రెండడుగుల సందులో పెట్టించి, తర్వాత ఏటేటా నరికే పని పెట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి.

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న. ఇది నెల్లూరులో పెరుగుతుందా? పెరగదు. ఎవరైనా పెరుగుతుందని మొక్క అమ్మితే కొనకండి.

కారణం అడిగితే అందరూ ఎండ అంటారు. ఎండ సగం కారణమే. కత్తిరి ఎండల్లో, పడమటి వడగాలికి ఆ పల్చటి ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి, అది నిజమే. కానీ ఎండకు షేడ్‌నెట్ కట్టొచ్చు, గాలికి తడిక అడ్డం పెట్టొచ్చు. మనం ఎంత ఖర్చు పెట్టినా ఇవ్వలేనిది చలికాలం. ఈ చెట్టు వేసవి చివర్లోనే వచ్చే ఏడాది ఆకుల మొగ్గలు తయారు చేసుకుంటుంది. పగలు కురచబడగానే ఆకులు రాల్చి నిద్రలోకి వెళ్తుంది. ఆ నిద్ర తెమలాలంటే సున్నాకీ ఏడెనిమిది డిగ్రీలకీ మధ్య చలి వారాల తరబడి ఉండాలి. అంత చలి తగిలాకే, మళ్ళీ వెచ్చబడినప్పుడు మొగ్గలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. మనకు జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దానికి మన వేడి ఎక్కువైంది అనుకుంటాం, అసలు సంగతి చలి చాలకపోవడం. పైగా అది ముడుచుకుని పడుకోవాల్సిన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే మనకు ఈశాన్య వానలు, ముసురు, తుపాన్లు. చలి తగలని చెట్టు ఒక కొమ్మకు నాలుగాకులు, ఇంకో కొమ్మకు రెండాకులు వేసి, ఏడాదికేడాదికి సన్నబడి పోతుంది.

గూడూరు నిమ్మ తోటలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాపు కోసం రైతు నీళ్ళు ఆపి చెట్టును బెట్ట పెడతాడు. ఆ బెట్టకు ఓర్చుకున్న చెట్టు నీళ్ళు కట్టగానే పూత పడుతుంది. నిమ్మకు బెట్ట ఎలాగో మేపుల్‌కు చలి అలాగ. బెట్ట మన చేతిలో ఉంది, చలి మన చేతిలో లేదు.

అమెరికాలో కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. న్యూజెర్సీ, వర్జీనియా, నార్త్ కరోలినా, అట్లాంటా, సియాటిల్, ఈ ప్రాంతాలు దానికి అనువైనవి. కాలిఫోర్నియా బే ఏరియాలో కూడా బాగానే వస్తుంది, అక్కడ జనవరి రాత్రులు ఐదారు డిగ్రీలకు దిగుతాయి. నేలలో ఉన్న చెట్టు మైనస్ 20 దాకా తట్టుకుంటుంది. అంతకు మించిన చలి పడే మినసోటా లాంటి చోట్ల నేలలో పెట్టడం ప్రమాదమే. ఫ్లోరిడా దక్షిణాన మన సమస్యే, చలి చాలదు. ఇక మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే డాలస్. అక్కడ పెరుగుతుంది గానీ నేల విషయంలో కష్టపడాలి. దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

డాలస్ ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో వైపు నేల చూసినప్పుడు నాకు మన ప్రకాశం జిల్లా నల్లరేగడే గుర్తొచ్చింది. శాస్త్రం ప్రకారం కూడా రెండూ ఒకే తరగతి నేలలు. వానకు ఉబ్బి జిగటగా అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. క్షార గుణం ఎక్కువ. జపాన్ మేపుల్‌కు కావలసింది సరిగ్గా దీనికి విరుద్ధం. కాస్త ఆమ్ల గుణం, అంటే పీహెచ్ ఐదున్నర నుంచి ఆరున్నర వరకు ఉండాలి. నేల గుల్లగా, ఆకు మట్టితో, నీళ్ళు నిలవకుండా ఉండాలి. కాబట్టి అక్కడ గుంట తవ్వి పెట్టకుండా అడుగు, అడుగున్నర ఎత్తు వేదిక కట్టించి, దాంట్లో మంచి మట్టి నింపి పెట్టించాలి. లేదా పొట్టి రకమే కాబట్టి పెద్ద కుండీలో పెంచుకోవాలి. రేగడిలో గుంట తీసి, ఆ గుంట వరకే మంచి మట్టి పోస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. చుట్టూ బంకమట్టి గోడ, మధ్యలో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి.

చోటు ఎంచడంలో పొద్దుటి ఎండ, మధ్యాహ్నం తర్వాత నీడ ఉండేలా చూడాలి. ఇంటికి తూర్పు వైపు శ్రేష్ఠం. సియాటిల్ లాంటి చల్లటి ఊళ్ళో రోజంతా ఎండ ఉన్నా ఏం కాదు, టెక్సాస్‌లో మాత్రం మధ్యాహ్నపు నీడ తప్పనిసరి. ఎర్రాకు రకాలను మరీ చీకట్లో పెడితే రంగు తగ్గి పచ్చబారతాయి. ఇంకొకటి, ఇంటి పక్కన ఏసీ బయటి మిషన్ ఉంటుంది కదా, దాని వేడిగాలి తగిలే చోట అస్సలు పెట్టకూడదు. ఎంత నీళ్ళు పోసినా ఆకులు మాడుతూనే ఉంటాయి. మంచు పడే ఊళ్ళలో వాకిట్లో మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్ళు మొదట్లోకి రాకుండా కూడా చూసుకోవాలి.

నాటే పద్ధతి. ఈ చెట్టు వేళ్ళు లోతుకు పోవు. పై పొరలోనే సన్నగా, దట్టంగా అల్లుకుంటాయి. అందుకని గుంట వెడల్పు వేరుముద్దకు రెండు మూడింతలు, లోతు మాత్రం వేరుముద్ద ఎంతో అంతే. మొదలు నేల దగ్గర కాస్త వెడల్పై వేళ్ళుగా విడిపోయే చోటు పైకి కనబడాలి. మనం మొక్క గాలికి పడిపోతుందని ఒక జానెడు లోతుకు దించుతాం. అరటికి ఎగదోసినట్టు మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తాం. మేపుల్‌కు అలా చేస్తే బెరడు తడికి నాని, ఊపిరాడక, మూడు నాలుగేళ్ళకు పై కొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పుడు కారణం ఎవరికీ తెలియదు. పాదు తీయడం కూడా అంతే. మన ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో పాదు లేకపోతే చెట్టుకు నీళ్ళందవు. అక్కడ పాదు అంటే వేళ్ళ మీద నీళ్ళ గుంట.

దానికి బదులు మల్చింగ్ చేయండి. చెక్క పొట్టో, ఎండాకులో రెండు మూడు అంగుళాల మందంలో, కొమ్మలు విస్తరించినంత మేర పరచండి. వేళ్ళు చల్లగా ఉంటాయి, తడి నిలుస్తుంది, గడ్డి మొలవదు. చెట్టు మొదలు చుట్టూ చేతి నాలుగు వేళ్ళంత దూరం ఖాళీ వదలండి. గడ్డి లేకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది. లాన్ కోసేవాళ్ళు నైలాన్ తీగ తిరిగే మిషన్‌తో అంచుల వరకు వస్తారు. ఆ తీగ ఒక్కసారి తగిలిందంటే పల్చటి బెరడు చీలిపోతుంది. చుట్టూ మల్చ్ ఉంటే ఆ మిషన్ దగ్గరికి రావాల్సిన పనే ఉండదు.

నీళ్ళు. మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండు సార్లు, నిదానంగా, వేళ్ళు మొత్తం తడిసేలా పెట్టాలి. మల్చ్ పక్కకు తీసి మట్టిలోకి వేలు రెండు అంగుళాలు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. రోజూ కొంచెం కొంచెం పోస్తే పైపొర ఎప్పుడూ నానుతూ ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయడం మనకు మనసొప్పదు, నాకూ ఒప్పదు. అవి గులాబీలకు, కరివేపాకుకు పోయండి. రోజూ మేపుల్ మొదట్లోనే పోస్తే అక్కడ తడి ఆరే సమయం ఉండదు.

ఎరువు సంగతి చాలా చిన్నది. చిగురుకు ముందు, నెమ్మదిగా కరిగే ఎరువు కొద్దిగా వేస్తే చాలు. లేకపోయినా చెట్టు అలగదు. యూరియా వద్దు. ఎండాకాలం సగం గడిచాక ఏ ఎరువూ వద్దు. అప్పుడు వచ్చే లేత కొమ్మ ముదరకముందే మంచు తగిలి నల్లబడుతుంది.

ఇంకో విషయం మనవాళ్ళు తప్పకుండా వినాలి. పెరట్లో మేపుల్ మొదట్లో గుల్ల మట్టి ఖాళీగా కనబడగానే అక్కడ నాలుగు వంగ మొక్కలో, టమాటాలో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. వెర్టిసిలియం అనే శిలీంధ్రం ఒకటుంది. వంగ, టమాటా, బంగాళాదుంపలకు ఒక రకం ఎండు తెగులు దానివల్ల వస్తుంది, మేపుల్‌కూ అదే వస్తుంది. వేళ్ళలోంచి ఎక్కి నీళ్ళు పోయే నాళాలను మూసేస్తుంది. నిండు ఆకుతో ఉన్న చెట్టుకు ఒక పక్క కొమ్మ రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది, మిగతాదంతా పచ్చగానే ఉంటుంది. వాడిన కొమ్మను కోసి కోత చూస్తే లోపల చెక్కలో ముదురు చారలు కనబడతాయి. దానికి మందు లేదు. ఆ కొమ్మ తీసేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, చెట్టును నీళ్ళకు లోటు లేకుండా చూసుకోవడమే. కొన్ని చెట్లు తేరుకుంటాయి. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, అందుకే కూరగాయల మడి మేపుల్‌కు దూరంగా, వేరే చోట వేసుకోండి.

ఇక కత్తిరింపు. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. ఈ చెట్టు అందమంతా కొమ్మల అల్లికలో ఉంది. ఆకులు రాలాక, చలికాలంలో అది బయటపడుతుంది. దాన్ని నందివర్ధనం కంచెలా గుండ్రంగా గొరిగితే ఆ చెట్టు ఎందుకు పెట్టుకున్నట్టు?

ఆకులు రాలి, చలి ముదిరి, చెట్టు పూర్తిగా నిద్రలో ఉన్నప్పుడు కత్తెర పట్టాలి. చలికాలం చివర రసం పైకి లేచాక కోస్తే కోసిన చోట నుంచి నీరు కారుతూనే ఉంటుంది. మనం వెళ్ళేది ఏప్రిల్‌లో, తిరిగొచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే అసలు కత్తిరింపు కాలంలో మనం అక్కడ ఉండం. కాబట్టి పిల్లలకి నేర్పాలి. వీడియో కాల్‌లో కొమ్మ చూపించమని మీరు చెబుతుంటే వాళ్ళే కోయగలరు. నేను మా అమ్మాయితో అలాగే చేయిస్తాను.

పుల్లను దగ్గరగా చూడమనండి. బతికున్న పుల్ల నిగనిగలాడుతూ ఉంటుంది. రకాన్ని బట్టి పచ్చగానో, ఎర్రగానో, ఊదాగానో ఉంటుంది. చచ్చిన పుల్ల బూడిద రంగుకు తిరిగి, మెరుపు పోయి, వంచితే పుటుక్కున విరుగుతుంది. అనుమానం ఉంటే గోటితో కాస్త గీరండి, కింద పచ్చ పొర కనబడితే అది బతికున్నట్టే. మొగ్గలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. కోసేటప్పుడు ఒక జంటకు కాస్త పైన కోస్తే రెండు వైపులా రెండు కొమ్మలు వస్తాయి. పెద్ద కొమ్మ తీయాల్సి వస్తే, అది మానుతో కలిసే చోట ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది, ఆ ఉబ్బును వదిలి దాని పక్కన కోయాలి. గాయం మాన్పుకునే శక్తి ఆ ఉబ్బులో ఉంటుంది. ఒక ఏడాదిలో చెట్టు మొత్తంలో ఐదో వంతుకు మించి తీయకూడదు.

వాలు రకాల్లో సగం పనికి కత్తెర కూడా అక్కర్లేదు. పైన తెరలాగా ఉన్న కొమ్మల కింద చెయ్యి పెడితే లోపల వెలుతురు తగలక ఎండిన సన్న పుల్లలు బోలెడు ఉంటాయి. చేత్తో తాకితేనే రాలతాయి. వాటినీ, లోపల ఇరుక్కున్న ఎండాకులనూ తీసేస్తే గాలి ఆడుతుంది.

కాలంతో పనిలేకుండా కోయాల్సింది ఒక్కటుంది, దొంగ కొమ్మ. ఈ పేరున్న రకాలన్నీ దాదాపు అంటు మొక్కలే. విత్తనం వేస్తే తల్లి గుణం రాదు కాబట్టి మామూలు పచ్చాకు మేపుల్ మీద అంటుకడతారు. మొదట్లో కాస్త పైన ముడిలా కనబడేదే అంటు. దాని కింద నుంచి వచ్చే కొమ్మ నిటారుగా, జోరుగా, పచ్చటి వెడల్పాకులతో లేస్తుంది. చూసి మనం చెట్టు తిప్పుకుందని సంబరపడతాం. వదిలేస్తే కొన్నేళ్ళకు పొట్టి రకాన్ని మింగేసి, మామూలు చెట్టు మిగులుతుంది. లేతగా ఉండగానే మొదలంటా తీసేయండి.

కుండీలో పెంచేవాళ్ళకి రెండు మాటలు. అడుగున కంతలు తప్పనిసరి. మట్టి బరువుగా ఉండకూడదు, పైన్ చెక్క పొట్టు ఎక్కువగా కలిసిన మిశ్రమం మంచిది. మూడు నుంచి ఐదేళ్ళకోసారి, మొగ్గలు విచ్చకముందు, కుండీలోంచి తీసి అంచుల్లో చుట్టుకున్న వేళ్ళు కొంత కోసి కొత్త మట్టితో పెట్టాలి. నేలలో వేళ్ళకు భూమి వెచ్చదనం ఉంటుంది, కుండీలో వేళ్ళకు ఆ రక్షణ లేదు. అందుకే గడ్డకట్టే చలిలో కుండీని హీటర్ లేని గరాజులోకి మార్చాలి. ఇంట్లోకి, వెచ్చటి హాల్లోకి కాదు. అక్కడ పెడితే జనవరిలోనే చిగుర్లు వేసి నీరసపడుతుంది.

అక్టోబరు, నవంబరుల్లో ఆకు రంగు మారడం గురించి చెప్పకుండా వదల్లేను. పగలు తగ్గేకొద్దీ ఆకుల్లోని పచ్చదనం, అంటే క్లోరోఫిల్, విరిగిపోతుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటికి వస్తుంది. ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు, ఆ రోజుల్లో కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చల్లదనం ఉంటే ఆకులో చక్కెరలు నిలిచి, వాటితో ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు పదార్థం తయారవుతుంది. మన మామిడి లేత చిగురుకు ఆ రాగి రంగు ఇచ్చేది కూడా ఆంథోసయనినే. మీ టికెట్లు వీలైతే నవంబరు మొదటి వారం దాకా పొడిగించుకోండి. చూడాల్సిన దృశ్యం.

ఇప్పుడు అడగండి.

ప్రశ్న: మేడమ్, ఏసీ గదిలో పెడితే ఇక్కడ పెరగదా?

పెరగదండి. ఏసీ 18కి పెట్టినా దానికి కావలసిన చలి అది కాదు. చలికి తోడు కాలంతో పాటు పగటి పొడవు మారాలి, బయటి వెలుతురు ఉండాలి. గదిలో అవేవీ కుదరవు. ఆ కరెంటు బిల్లుతో మీ మిద్దె మొత్తానికి షేడ్‌నెట్ వేయించుకోవచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నీలం రంగు మేపుల్ విత్తనాలు అమ్ముతున్నారు. మా అబ్బాయి తెప్పించాడు.

నీలం ఆకుల జపాన్ మేపుల్ లేదు. ఫొటోలో రంగు మార్చి పెడతారు. పేరున్న రకం కూడా విత్తనంతో రాదని ఇందాకే అనుకున్నాం. నిజమైన మేపుల్ విత్తనమే వచ్చినా, దాన్ని తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితే గాని మొలకెత్తదు. మొలిచిన మొక్క మన సంక్రాంతి దాకా ముద్దుగా ఉంటుంది, ఏప్రిల్ రాగానే పిల్లవాడు బాధపడతాడు. ఆ పెట్టుబడి మన నేలకు తగిన మొక్క మీద పెట్టించండి.

ప్రశ్న: అలాంటి ఎరుపు, అలాంటి చిన్న ఆకారం మనకు ఏ మొక్కల్లో దొరుకుతాయి?

చాలా ఉన్నాయమ్మా. ఆకు ఎర్రబడి రాలే చెట్టు మన వీధుల్లోనే ఉంది, నాటు బాదం. రాలే ముందు దాని ఆకు ఎంత ఎర్రగా అవుతుందో మనం పట్టించుకోం. మిద్దె మీద కుండీకి ఎర్ర అకాలిఫా బాగుంటుంది, మన ఎండకు ఓర్చుకుంటుంది. చిన్న చెట్టు ఆకారం కావాలంటే చింతను కుండీలో పొట్టిగా పెంచండి. ఆ సన్నాకు, కొమ్మల వంపు చూస్తూ కూర్చోవచ్చు. జువ్వి, సీమచింత, పొట్టి దానిమ్మ కూడా కుండీకి బాగా ఒదుగుతాయి.

ప్రశ్న: మా వాడి ఇల్లు డాలస్‌లో. జూలైలో ఆకు అంచులన్నీ గోధుమ రంగుకు తిరిగాయి. చెట్టు పోయినట్టేనా?

పోలేదండి. అంచులు మాడటం అంటే వేళ్ళు పంపే నీళ్ళకంటే ఆకు పోగొట్టుకునేది ఎక్కువైందని అర్థం. ఎండ, వేడి గాలి, లేదా నీళ్ళలో ఉప్పు, వీటిల్లో ఏదైనా కావచ్చు. కంగారుపడి ఎరువు వేయకండి, మాడిన ఆకులు దూయకండి. మల్చ్ సరిచేసి, వేళ్ళు తడిసేలా పొద్దున్నే నీళ్ళు పెట్టి, మధ్యాహ్నం ఎండ పడే వైపు తాత్కాలికంగా గుడ్డ కట్టించండి. పుల్ల గీరితే పచ్చగా ఉందంటే వచ్చే వసంతానికి మళ్ళీ నిండుగా వస్తుంది. ఏటా ఇదే జరుగుతుంటే చోటు సరైంది కాదు, చలికాలంలో మార్చించండి.

ప్రశ్న: మంచు కురిస్తే దులపాలా?

మెత్తటి మంచు వాలు కొమ్మల మీద పేరుకుంటే కింద నుంచి పైకి, చీపురుతో మెల్లగా ఎత్తి దులపాలి. పై నుంచి కొడితే కొమ్మ చీలుతుంది. గడ్డకట్టి అంటుకుపోయిన మంచును మాత్రం ముట్టుకోవద్దు, దానంతట అదే కరగాలి. ఏప్రిల్‌లో చిగురు విచ్చాక మళ్ళీ మంచు పడుతుందని వార్తల్లో చెబితే ఆ రాత్రికి పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేయండి.

ప్రశ్న: వచ్చేటప్పుడు చిన్న మొక్క ఒకటి సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

తేకూడదు. మొక్కలు మన దేశంలోకి రావాలంటే ముందుగా అనుమతి, అక్కడి అధికారులు ఇచ్చే తెగుళ్ళు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. ఒక్క మొక్క మట్టితో పాటు ఏ తెగులు వస్తుందో చెప్పలేం. మన నిమ్మ తోటల్ని, మామిడి తోటల్ని తలుచుకుని ఈ పని చేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు ఇల్లు మారుతున్నారు. నేలలో ఉన్న చెట్టును తీసుకెళ్ళే వీలుందా?

పొట్టి రకమే అయితే ఉంది. వేళ్ళు పైపైనే దట్టంగా ఉంటాయి కాబట్టి ఈ చెట్టు మార్పుకు బాగానే ఓర్చుకుంటుంది. ఆకులు రాలాక, మొగ్గలు ఉబ్బకముందు, నేల గడ్డకట్టని రోజు చూసి తవ్వాలి. కొమ్మలు ఎంత వెడల్పు ఉన్నాయో దాదాపు అంత మేర చుట్టూ గాడి తీసి, అడుగు లోతున పలుగుతో కింద నుంచి లేపాలి. వేరుముద్ద విడిపోకుండా తడి గోనెలో చుట్టి తాడు కట్టండి. మానును పట్టుకుని ఎత్తకూడదు, గోనెను పట్టుకుని ఎత్తాలి. తవ్వేముందు కొమ్మకు ఒక రిబ్బన్ కట్టి ఏది తూర్పు వైపో గుర్తు పెట్టించండి, కొత్త ఇంట్లో అదే ముఖంగా పెడితే ఎండకు అలవాటైన వైపు ఎండకే ఉంటుంది. ఆ మొదటి వేసవి మాత్రం నీళ్ళు తప్పకుండా చూసుకోవాలి. మీరు ఏప్రిల్‌లో వెళ్తున్నారు కాబట్టి ఆ పని మీరే తీసుకోండి.